ఒరిజినల్ డబ్బా

కిందటి వారం కథలో ఏడో నంబరు లారీని ఇసుక గుట్టలో ముక్కు దూర్చి ఉండగా వదిలేసి వచ్చాం. డ్రైవరుకి దెబ్బలు తగల్లేదు. మేస్త్రీ వెనక చక్రం విప్పి చూస్తే బ్రేకు లైనరు, అంటే డ్రమ్ముని లోపల్నించి ఒరుసుకుని బండిని ఆపవలసిన ఆ మందపాటి పట్టీ, టీలో ముంచిన బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది. అది బిగించి వారం కాలేదు. "ఇది నకిలీ సరుకు" అని షెడ్డులో అందరి ముందూ పైకి అనేసింది కోడలు. ఆ సరుకు కొన్నది సాక్షాత్తూ అత్తగారి తమ్ముడన్న సంగతి ఆమెకి ఆ క్షణంలో గుర్తు లేదు. గుర్తొచ్చేసరికి మాట నోరు దాటి, షెడ్డు దాటి, వీధి మలుపు దాకా వెళ్లిపోయింది.

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఎల్లుండి పొద్దున పదింటికి ఇక్కడే. నకిలీ అని రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే స్టోరు తాళాలు మావాడి చేతికిచ్చి క్షమించమని అడుగు" అన్నారు.

ఆ ఎల్లుండి ఇవాళే.

పదింటికి షెడ్డులో పని దానంతటదే ఆగిపోయింది. రెండు లారీల మధ్య ఖాళీ జాగాలో మేస్త్రీ ఒక బల్ల వేయించాడు. దాని మీద గ్రీజు మరకలు కనబడకుండా ఎవరో పాత కాలెండరు తిరగేసి పరిచారు. అత్తగారి ఇనపకుర్చీ రోజూలా గుమ్మం దగ్గర కాకుండా బల్లకి ఎదురుగా పడింది. ఆవిడ పధ్నాలుగు లారీలని ఆ కుర్చీలో కూర్చునే నడుపుతున్నారు. భర్త పోయిన ఆరేళ్లలో ఒక్క లారీ తగ్గలేదు, ఒక్క గొంతు ఆవిడ ముందు పెరగలేదు. డ్రైవర్లు టైర్ల మీదా, తిరగేసిన డబ్బాల మీదా, వీలైన చోటల్లా సర్దుకున్నారు. "సినిమాకొచ్చినట్టు వచ్చారు" అని మేస్త్రీ వాళ్లని విసుక్కున్నాడు గానీ, తను మాత్రం అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు.

మేనమామ కంటే ముందు ఆయన సెంటు వచ్చింది. తర్వాత ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, దాని వెనకాల ఆయన. పన్నెండేళ్లుగా ఈ కంపెనీకి విడిభాగాలన్నీ ఆయనే కొంటున్నాడు. నట్టు దగ్గర్నుంచి గేరుబాక్సు దాకా ఆయన చెయ్యి పడకుండా స్టోరులోకి ఏదీ రాదు. కోడలి భర్తకి ఆయన మేనమామ, కోడలికి వరసకి బాబాయి. స్వతహాగా చెడ్డవాడు కాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో దూరతాడు, అంతే.

స్టోరులో మిగిలిన రెండు డబ్బాలూ కోడలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మేనమామ జేబురుమాలు తీసి వాటిని సుతారంగా తుడిచాడు, పసిపిల్లల మూతి తుడిచినట్టు.

"అక్కయ్యా, ముందు డబ్బాతో మొదలుపెడదాం. మనిషినైనా మనం మొహం చూసేగా గుర్తుపట్టేది?" అంటూ డబ్బా మీది మెరిసే స్టిక్కరుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. "ఇదిగో, ఇటు తిప్పితే నీలం. అటు తిప్పితే ఆకుపచ్చ. ఇంత పనితనం నకిలీవాడికి ఎక్కడిది? వాడికంత ఓపికుంటే ఒరిజినలే తయారుచేసుకోడూ?"

డ్రైవర్లలో నలుగురైదుగురు తలలూపారు. వాదన వినడానికి బాగానే ఉంది.

కోడలు ఇంటి నుంచి సంచిలో తెచ్చుకున్న కాటా తీసి బల్ల మీద పెట్టింది. పెళ్లికి ముందు ఆమె ఏడేళ్లు ఒక ఆసుపత్రిలో మందుల కొట్టు చూసింది. మూడు నెలల కిందట స్టోరు తాళాలు చేతికొచ్చినప్పటి నుంచీ బేరింగులకి బ్యాచి నంబర్లు రాయడం, ఆయిలు డబ్బాల సీళ్లు భూతద్దంతో చూడడం మొదలుపెట్టింది. డ్రైవర్లు ఆమెకి కాంపౌండరమ్మ అని పేరు పెట్టారు. ఆమెకి ఆ సంగతి తెలుసు. కాంపౌండరూ ఫార్మసిస్టూ ఒకటి కాదని వాళ్లకి చెబుదామని రెండుసార్లు అనుకుని ఊరుకుంది.

"ఇది కొత్త లైనరు" అని ఒక డబ్బా ఖాళీ చేసి, అందులోది కాటా మీద పెట్టి, అంకె అందరికీ కనబడేలా తిప్పింది. తర్వాత అది తీసేసి ఇంకోటి పెట్టింది. "ఇది పోయినేడాది బిగించిన పాతది. సగం అరిగిపోయింది. అయినా కొత్తదానికంటే బరువుంది, చూడండి."

అత్తగారు ముందుకు వంగి చూశారు. "అది మన వంటింటి కాటా కదూ?"

"అవునత్తయ్యా."

"తర్వాత శుభ్రంగా కడిగిపెట్టు."

మేనమామ ఫక్కున నవ్వాడు. "తేలిగ్గా ఉంటే మంచిదేగా అమ్మాయ్! బండి బరువు తగ్గితే డీజిలు కలిసొస్తుంది. ఇదంతా కొత్త టెక్నాలజీ. ఫోన్లు కూడా ఒకప్పుడు ఇటుకల్లా ఉండేవి, ఇప్పుడో?"

ఈసారి ఏడెనిమిది తలలు ఊగాయి.

మేస్త్రీ ఇక ఉండబట్టలేకపోయాడు. గ్యాసు మంట వెలిగించి పాత లైనరు ముక్కని పట్టకారుతో దాని ముందు పెట్టాడు. అది ఎర్రబడింది, చల్లారింది, చెక్కుచెదరలేదు. తర్వాత కొత్త ముక్క పెట్టాడు. అది ముందు చెమర్చింది, తర్వాత పొగ వదిలింది. పాత చెప్పు కాలిన కంపు షెడ్డంతా నిండింది. చివరికి రెండుగా విరిగి కింద పడింది. మేనమామ సెంటు కూడా ఆ వాసన ముందు నిలబడలేకపోయింది.

"నిప్పుల్లో పెడితే నేనూ కాలతాను!" అన్నాడు మేనమామ దగ్గుతూ. "బ్రేకులున్నది నిప్పుల్లో పెట్టడానికా?"

"కొండ దిగేటప్పుడు డ్రమ్ములో ఉండేది నిప్పేనండీ" అన్నాడు మేస్త్రీ.

"నువ్వాగు మేస్త్రీ" అన్నారు అత్తగారు. "పోయిన నెల గ్రీజు విషయంలో నువ్వూ మా తమ్ముడూ తగువుపడ్డారు. నీ మాట నేను లెక్కలోకి తీసుకోను. నాకీ మంటలూ కాటాలూ అర్థం కావు. అర్థమయ్యేది ఒకటి అడుగుతాను. అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి, లేబుళ్లు చూడ్డంలో చెయ్యి తిరిగినదానివి. సూటిగా చెప్పు. ఈ డబ్బా ఒరిజినలా, నకిలీదా?"

కోడలు డబ్బా చేతిలోకి తీసుకుంది. అందులో చూడ్డానికి కొత్తగా ఏమీ లేదు. రెండు రోజుల్లో ఆ డబ్బాని ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. అన్నం తింటూ చూసింది, పళ్లు తోముకుంటూ చూసింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు, మందుల కొట్టులో ఏడేళ్ల నౌకరీ ఆ అలవాటు చెయ్యనివ్వలేదు.

"డబ్బా ఒరిజినలే అత్తయ్యా" అంది.

షెడ్డులో గుసగుసలు లేచాయి.

"అదే నాకు అంతు పట్టడం లేదు. అచ్చు సరిగ్గానే ఉంది. స్టిక్కరు అసలుదే. అట్ట కూడా కంపెనీ అట్టే. లోపలున్నది మాత్రం కంపెనీ సరుకు కాదు."

"అంటే కంపెనీవాడే ఒరిజినల్ డబ్బాలో నకిలీ సరుకు పెట్టి మా తమ్ముడికి అమ్మాడంటావు."

"అలా అనను."

"మరేమంటావు?"

కోడలు డబ్బా తిరిగి బల్ల మీద పెట్టింది. మేనమామ చొక్కా చేతులు సవరించుకున్నాడు. అత్తగారు ఇంకాసేపు చూశారు. ఆవిడ మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. కోడలు నెగ్గినా బావుండేదని ఏ మూలో ఉందేమో కూడా. కానీ పదిమంది ముందు ఒక మాట అనుకున్నాక అనుకున్నట్టు జరగాలి. చెయ్యి చాపారు.

"తాళాలు."

కోడలు నడుముకున్న గుత్తి విప్పింది. కళ్లు మండుతున్నాయి. అది కాలిన లైనరు పొగ వల్లేనని మనసులో గట్టిగా చెప్పుకుంది. గుత్తి అత్తగారి అరచేతిలో పెట్టి, మేనమామ వైపు తిరిగి నోరు తెరిచింది.

"పర్లేదమ్మా, పర్లేదు" అన్నాడాయన పెద్దమనసుతో. "చిన్నదానివి. మందుల కొట్టు వేరు, మోటారు లైను వేరు. నేను మనసులో పెట్టుకోను. మీ ఆయనకి కూడా చెప్తాను, ఏమీ అనొద్దని."

"ఆ ఖాళీ డబ్బా అలా నిలబెట్టి ఉంచకు" అన్నారు అత్తగారు, సభ ముగిసిన గొంతుతో. "అడుగు విప్పి మడతపెట్టు. చింపకు."

కోడలు డబ్బా తిరగేసింది. అడుగున ఒకదానిలోకి ఒకటి దూర్చిన నాలుగు రెక్కల కిందికి వేలు పోనిచ్చి మెల్లిగా విప్పింది. లోపలి రెక్క మీద నీలి సిరాతో ఏదో రాసుంది. ఆమె మొదట దాన్ని పట్టించుకోలేదు. ఎందుకంటే అది ఆమెకి బాగా అలవాటైన చేతిరాత. రోజూ చూసేదే. మడత సగం వేశాక చేతులు ఆగిపోయాయి.

మళ్లీ విప్పింది. వెలుతురులో పెట్టి చూసింది.

"అత్తయ్యా," అంది, "ఇందులో నేనున్నాను."

"ఏంటీ?"

"నా చేతిరాత. 'ఏడో బండి. ముందు చక్రాలు.' తేదీ కూడా ఉంది. నేను స్టోరులోకి వచ్చిన మొదటి వారం."

మందుల కొట్టులో సీసా మూత తీసిన రోజున దాని మీద తేదీ వెయ్యాలి. ఆ అలవాటు కొద్దీ, స్టోరులో ఏ డబ్బా ఖాళీ చేసినా అందులో సరుకు ఏ బండికి వెళ్లిందో లోపలి రెక్క మీద రాయడం ఆమెకి చేతికొచ్చిన పని. ఎవరూ రాయమనలేదు, ఎవరూ చూడరు. నకిలీ సరుకు నింపినవాడు కూడా చూడలేదు.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఆ రెక్కని ముక్కు దాకా తెచ్చుకున్నారు. మేనమామ ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఫ్యాక్టరీవాళ్లు రాసుంటారు" అన్నాడు.

"మన ఏడో నంబరు బండి సంగతి ఫ్యాక్టరీవాళ్లకెలా తెలుస్తుంది బాబాయిగారూ?"

"పెద్ద కంపెనీ అమ్మా. వాళ్లు అన్నీ కనుక్కుంటారు."

ఈసారి ఒక్క తల ఊగలేదు. మేస్త్రీ అప్పటికే రెండో డబ్బా తిరగేసి అడుగు లాగేశాడు. "తొమ్మిదో బండి. వెనక చక్రాలు" అని గట్టిగా చదివాడు. "ఈ డబ్బాలో సరుకు నా చేత్తో బిగించాను. రెండున్నర నెలలైంది. డబ్బా ఖాళీ చేసి ఈ చిన్నమ్మగారికే ఇచ్చాను."

ఎవరో ఒకాయన ఈల వెయ్యబోయి ఆపుకున్నాడు.

"అంటే మన ఖాళీ డబ్బాలే" అంది కోడలు, ఒక్కొక్క మాటా తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "ఇక్కణ్ణించి బయటికెళ్లాయి. ఎవడో వాటిల్లో చెత్త నింపాడు. మళ్లీ కొత్త సరుకని మనకే అమ్మాడు. అందుకే డబ్బా ఒరిజినల్."

"మరి ఖాళీ డబ్బాలు షెడ్డు దాటి ఎలా వెళ్లాయి?" అన్నారు అత్తగారు కఠినంగా. "ఎవరు పంపారు? ఈ గుమ్మం దాటి ఒక్క నట్టు నాకు తెలియకుండా పోదు. ఆ దొంగెవరో ఇప్పుడే తేలాలి. ఎవరు?"

మేస్త్రీ రేకుల కప్పు వైపు చూశాడు. డ్రైవర్లు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. ఒకరిద్దరు ఉత్తుత్తినే దగ్గారు. జవాబు అందరికీ ఒకేసారి తట్టింది, ఒక్క ఆవిడకి తప్ప.

"అడిగేది మిమ్మల్నే. నోళ్లు పడిపోయాయా?"

చివరికి మేస్త్రీయే గొంతు సవరించుకున్నాడు. "పాత సామాన్లాయన నెలనెలా వస్తాడు కదండీ... డబ్బాలకి..."

"వస్తాడు. అయితే? వాడికి డబ్బాలిచ్చేది..."

అత్తగారి మాట అక్కడ ఆగిపోయింది. 'అట్టపెట్టె చింపకండి, నలపకండి, స్టిక్కరు పీకకండి' అని ఆరేళ్లుగా షెడ్డులో ప్రతివాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నది ఆవిడే. చింపిన అట్టని ఆ సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు, చింపని డబ్బాని దేనికది లెక్కపెట్టి తీసుకుంటాడు. ఆ తేడా కనిపెట్టింది తనేనని ఆవిడకి లోలోపల గర్వం కూడా.

"స్టిక్కరు నలక్కూడదని వాడు అడిగినప్పుడే నాకు తట్టాల్సింది" అన్నారు నెమ్మదిగా. "అట్ట కొనేవాడికి స్టిక్కరెందుకు?" తర్వాత, "మేస్త్రీ, నాకో కుర్చీ వెయ్యి" అన్నారు.

"కూర్చునే ఉన్నారమ్మగారూ."

"ఆఁ."

న్యాయం చెప్పడానికి కూర్చున్న మనిషే మధ్యలో ముద్దాయి అయితే సభ ముగించేదెవరు? ఆవిడే ముందు తేరుకున్నారు. తాళాల గుత్తి ఇంకా తన చేతిలోనే ఉందని చూసుకుని, కోడలి చెయ్యి పట్టుకుని అందులో పెట్టి, వేళ్లు తనే మూసేశారు. క్షమాపణ మాత్రం నోట రాలేదు. అంతకంటే ఎక్కువ ఆవిడ దగ్గర ఆశించడం కూడా అన్యాయమే.

తర్వాత తమ్ముడి వైపు తిరిగారు.

"నేనంటే తెలియక చేశాను. నువ్వు? ఏ కొట్టువాడి దగ్గర కొన్నావు? వాడు నీకెంత ముట్టజెప్పాడు?"

మేనమామ మొహం ఒక్కసారి పాలిపోయింది. "అక్కయ్యా! నీ మీద ఒట్టు. పన్నెండేళ్లలో వాడి దగ్గర కప్పు టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. చక్కెర కూడా తక్కువే వేసేవాడు."

"మరెందుకు వాడి దగ్గరే కొన్నావు? ఆ బజారులో ఇరవై కొట్లున్నాయి."

ఆయన జేబురుమాలు తీసి మడత విప్పాడు, మళ్లీ వేశాడు. సెంటు వాసన గుప్పుమంది.

"చెప్పు తమ్ముడూ."

"కుర్చీ వేస్తాడు" అన్నాడు మేనమామ.

"ఏం వేస్తాడు?"

"కుర్చీ. నేను గుమ్మంలోకి రాగానే లేచి నిలబడతాడు. 'ఇంజనీరుగారొచ్చారు, ఫ్యాను ఇటు తిప్పండ్రా' అంటాడు. మిగతా కొట్లలో నిలబెట్టి మాట్లాడతారు. వీడు ప్రతి సరుకూ నా చేతికిచ్చి, 'మీరు చూసి బాగుందంటేనే బిల్లు రాస్తాను' అంటాడు. నేను చూసి బాగుందనేవాణ్ణి." ఆయన రుమాలు జేబులో దోపుకున్నాడు. "నేను పదో తరగతి తప్పినప్పటి నుంచి ఇంట్లో నన్నెవరైనా ఒక్క మాట అడిగారా అక్కయ్యా? బావ కూడా నాకు ఈ పని ఇస్తూ, 'ఏదో ఒకటి చేస్తూ పడుంటాడు' అన్నాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పదేళ్లుగా ఆయన వెనక ఆయన్ని చూసి నవ్వినవాళ్లే అందరూ.

"ఒక్కసారి కూడా అనుమానం రాలేదా బాబాయిగారూ?" అని అడిగింది కోడలు. ఆమె గొంతులో ఇందాకటి పదును లేదు.

"వచ్చింది" అన్నాడాయన. "ఈసారే. చేత్తో పట్టుకుంటే వేళ్లకి నల్లగా పొడి అంటుకుంది. మంచి లైనరు అలా అంటుకోదు, ఆ మాత్రం నాకూ తెలుసు. అడుగుదామనుకున్నాను. అడిగితే... వాడు మళ్లీ ఆ కుర్చీ వెయ్యడేమోనని... చేతులు కడుక్కుని వచ్చేశాను."

అత్తగారు తమ్ముడి చొక్కా మడతల వంక చూశారు. ఈ తెల్లచొక్కా, ఈ సెంటూ ఇవాళ తప్పిస్తే కొట్టుకి వెళ్లే రోజుల్లోనే వాడతాడని ఆవిడకి ఇప్పుడు తట్టింది.

కోడలు ఈ రోజు కోసం మూడు నెలలు ఎదురుచూసింది. తీరా గెలిచాక నోట్లో ఏ రుచీ లేదు. ఎదురుగా తండ్రి వయసు మనిషి, నలుగురిలో బట్టలు విప్పినట్టు నిలబడి ఉన్నాడు. ఆమె చూపు తిప్పుకుని బల్ల మీదున్న రెండు డబ్బాలని చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, మందుల కొట్టులో పెద్దాయన మొదటి రోజు నేర్పిన సంగతి. చెడ్డ మందు బయటపడితే ముందు అడగాల్సింది ఎవరు తెచ్చారని కాదు. ఆ బ్యాచిలో మిగతాది ఎవరి కడుపులోకి వెళ్లిందని. ఈ రెండు రోజులూ ఆమె డబ్బాని పట్టుకుని కూర్చుంది, మేనమామని ఎలా ఓడించాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. అడగాల్సింది అడగనేలేదు.

"ఆ లోడులో మొత్తం ఎన్ని డబ్బాలు కొన్నారు బాబాయిగారూ?"

"నాలుగు."

"ఒకటి ఏడో నంబరుకి. రెండు ఇవిగో. నాలుగోది?"

అందరూ మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ నోరు కొద్దిగా తెరుచుకుంది.

"పన్నెండుకి" అన్నాడు. "ఏడుకి వేసిన రోజునే దానికీ వేశాను, వెనక చక్రాలకి. కానీ అది కదల్లేదు కదమ్మా, రేడియేటరు పనికి విప్పదీసి ఉంది. నిన్న సాయంత్రమే పూర్తయింది."

"అయితే అదిక్కడే ఉందిగా?"

మేస్త్రీ షెడ్డు చివరికి చూశాడు. పన్నెండో నంబరు రోజూ నిలబడే చోట నేల మీద నూనె మడుగు ఒకటి ఉంది, దాని పక్కన ఒక పిచ్చుక గెంతుతోంది. బండి లేదు.

"పొద్దున ఏడింటికి సిమెంటు లోడుతో వెళ్లిందండీ" అన్నాడెవరో ఒక టైరు మీద నుంచి.

అన్నది పన్నెండో నంబరు డ్రైవరే. చూసిందీ విన్నదీ ఊరంతా వినిపిస్తాడని అతనికి రేడియో అని పేరు. చేతిలో సగం తాగిన టీ గ్లాసుంది.

"నువ్విక్కడున్నావేం?" అన్నారు అత్తగారు. "బండి వెళ్తే నువ్వెలా ఉన్నావు?"

రేడియోకి మొదటిసారి మాట తడబడింది. "అబ్బాయిగారు తీసుకెళ్లారండీ. 'నువ్వుండి చూసి సాయంత్రం నాకు వివరంగా చెప్పు, లోడు నేను దింపేసి వస్తాను' అన్నారు. ఇక్కడుంటే... ఎవరో ఒకరి పక్షం మాట్లాడాల్సొస్తుందట."

అత్తగారూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్లయి ఏడాదిన్నరగా తల్లి మాటకీ భార్య మాటకీ ఒకే రకంగా 'సరే సరే' అంటూ నెట్టుకొస్తున్న మనిషి అతను. లారీ తోలడం వచ్చు, లైసెన్సూ ఉంది. తగువు వచ్చిన రోజున మాత్రమే తోలతాడు.

కోడలు అప్పటికే ఫోను తీసింది. మొదటిసారి తప్పు నంబరు నొక్కింది. రెండోసారి మోగింది. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు. ఆమె స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచింది. ఇంజను మోత షెడ్డులోకి వచ్చింది.

"ఎక్కడున్నారు?"

"కొండ మీద. ఫోను స్టాండులోనే ఉందిలే, తిట్టకు. ఇప్పుడే దిగడం మొదలుపెట్టాను" అంది అతని గొంతు హుషారుగా. "పైన గాలి ఎంత బావుందో తెలుసా! ఇంతకీ అయిపోయిందా? ఎవరు గెలిచారు?"

"బండి ఆపండి."

"ఏంటీ?"

"పక్కకి తీసి ఆపండి! ఇప్పుడే, వెంటనే!"

జవాబు లేదు. ఇంజను మోత మాత్రం పెరిగింది. అందులో ఇంకో చప్పుడు కలిసింది. ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటున్నట్టు సన్నటి కూత. మేస్త్రీకి ఆ చప్పుడేమిటో చెప్పక్కర్లేదు. ఆయన బల్ల మీదికి వంగిపోయాడు.

"ఆపుదామనే చూస్తున్నా" అన్నాడు అతను.

"ఏ గేర్లో ఉన్నారండీ?" మేస్త్రీ ఫోనులోకి అరిచాడు.

"నాలుగు."

"మూడుకి దించండి! బ్రేకు అదిమిపట్టి ఉంచొద్దు, కాలు తీసేసి గేరు దించండి!"

గేరు రాడ్డు కరకరమన్నది అందరికీ వినిపించింది. ఒకసారి, ఇంకోసారి. అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ కుర్చీ వెనక్కి పడి పెద్ద చప్పుడైంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మేనమామ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"పడట్లేదు" అన్నాడు ఫోనులోంచి. గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది, అతనికి ఇంకో గొంతు చేతకాదు. "ముందు మలుపుంది. అది చూసుకుని మాట్లాడతా. ఈలోపు ఒక్కటి చెప్పండి, నాకెవరి మీదా కోపం లేదు. ఈ బ్రేకులు నువ్వు కొన్నవా, మావయ్య కొన్నవా?"